బేస్‌మెంట్ జనరల్

ఓడిపోయినవాళ్ళు లోకంలో కొల్లలు. ఓటమిని బేరమాడి సగం ధరకు కొనుక్కున్నవాణ్ణి మాత్రం నాకు తెలిసినంతలో నేనొక్కణ్ణే. అదీ చిల్లరగా కాదు, హోల్‌సేల్‌గా. నాతోపాటు మరో తొమ్మిదిమందిని పోగుచేసి, అందరి చేతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించి, కెనడాలో, జనవరి చలిలో కుదిర్చిన బేరం అది. చీరాలలో బట్టల కొట్టు గల్లా పక్కన పెరిగినవాడికి ఆ మాత్రం చేతకాకపోతే వంశానికే నామోషీ. కొద్ది రోజులు తిరక్కుండా అదే సరుకును కాలేజీవాళ్ళు అందరికీ ఉచితంగా పంచిపెట్టారన్న సంగతి మా నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ సరుకేమిటో చెబుతాను. ముందు మనిషి సంగతి.

మొన్న ఫోన్లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. జనరల్ మాస్టారు పోయారు. ఆయన ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద ‘ఒక శకం ముగిసింది’ అని ఎవరో తగిలించిన ముక్క. నేను చేసిన మొదటి పని ఫొటోను రెండు వేళ్ళతో సాగదీసి ముక్కు చూడటం. ఉంది. చావు కూడా ఆ ముక్కును ఏమీ చెయ్యలేకపోయింది.

ముక్కుతో ఎందుకు మొదలుపెట్టానంటే ఆయన వ్యవహారమంతా దానితోనే మొదలైంది. ఆయన నిజం జనరల్ కాదు. మిలిటరీ గేటు దాటి ఎరగరు. గుంటూరు వైపు ఏదో జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పి, రిటైరై, కెనడాలో వాన్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. మనిషి ఆరడుగుల పైన. మెడ పొడవు. ముక్కు దానికి తగ్గట్టు. ఆ జూనియర్ కాలేజీ రోజుల్లో ఎవరో తోటి లెక్చరరు, మీకు ఆ ఫ్రెంచ్ జనరల్ పోలికలున్నాయండీ అన్నాడట. టీ తాగుతూ అన్న మాట. ఆ లెక్చరరు ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని నష్టపరిహారం అడగాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ ఫ్రెంచ్ జనరల్ ఎవరో అప్పటికి నాకు తెలియదు. చీరాలలో మాకు జనరల్ అంటే జనరల్ స్టోర్సే. మాస్టారి పుణ్యమా అని తెలిసింది. జర్మన్లు ఫ్రాన్సును మింగేశారు. దేశాన్ని నడుపుతున్న ముసలి మార్షల్ కాగితం మీద సంతకం పెట్టి లొంగిపోయాడు. అప్పుడు పెద్దగా ఎవరికీ తెలియని ఈ జనరల్ విమానమెక్కి లండన్ చేరి, అక్కడి రేడియోలో, యుద్ధం అయిపోలేదు, నేనున్నాను అన్నాడు. ఆ రోజు ఆ మాట విన్నవాళ్ళు ఏ కొద్దిమందో. యుద్ధం ముగిశాక వినలేదని చెప్పేవాడు ఫ్రాన్సులో దొరకలేదట. ఈ చివరి వాక్యం చెప్పేటప్పుడు మాస్టారు నవ్వేవారు కాదు. నాకు నవ్వొచ్చేది.

ఆయన ఇంట్లో నేను పడటం కూడా బేరమే. పైన కూతురూ అల్లుడూ ఉండేవారు. కింద బేస్‌మెంట్‌లో ఒక గది మాస్టారిది, రెండో గది నాదీ ఇంకో కుర్రాడిదీ, మధ్యలో అందరికీ ఒకే వంటిల్లు. అద్దె తగ్గించమని నేను గీసి గీసి అడిగితే ఆ కూతురు, నాన్నగారితో రోజూ కాస్త మాట్లాడుతూ ఉంటానంటే తగ్గిస్తానంది. మాటలకు ఖర్చేముందిలే అనుకుని ఎగిరి గంతేశాను. ఆమె ఎందుకంత తేలిగ్గా దిగివచ్చిందో వారంలోనే బోధపడింది.

ఆయన తన గురించి తాను ‘నేను’ అనేవారు కాదు. ‘మాస్టారు ఈ పూట చపాతీ తినరు’ అనేవారు, ప్లేటు చేతిలో పట్టుకుని. ‘మాస్టారికి ఈ గీజరు సంగతి నచ్చలేదు.’ మొదటి రెండు రోజులూ ఇంట్లో ఇంకో మాస్టారు ఉన్నాడేమో అనుకున్నాను. హీటర్ ధారాళంగా పనిచేస్తున్న ఇంట్లో కూడా మోకాళ్ళ కిందికి దిగే ఓవర్‌కోటు వేసుకునేవారు. పాత బట్టల దుకాణంలో కొన్నది. బొత్తాలు రెండు వేరే రంగువి. బస్సెక్కితే డ్రైవరుకి రెండు చేతులూ పైకెత్తి అభివాదం చేసేవారు. ఆ డ్రైవరు ఒకసారి భయపడి బ్రేకు వేశాడు.

ఈ దేశంలో ఉప్పు ప్యాకెట్టు దగ్గర్నుంచీ అన్నిటిమీదా ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క ఫ్రెంచ్ ఉంటుంది కదా. మాస్టారు వంటింట్లోకి రాగానే డబ్బాలన్నీ ఫ్రెంచ్ పక్కకు తిప్పేవారు. ఆయనకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఓట్స్ డబ్బా వెనక ఉన్నది గొంతు పెంచి చదివేవారు, యుద్ధ ప్రకటన చదివినట్టు. నేను జీలకర్ర ఏదో, వాము ఏదో తెలియక వాసన చూసి వండుకునేవాణ్ణి.

ఆ జనరల్ ఒకసారి ఈ దేశానికే అతిథిగా వచ్చి, మాంట్రియల్‌లో బాల్కనీ ఎక్కి, ఫ్రెంచ్ వాళ్ళు విడిపోవాలన్నట్టు ఒక కేక వేసి, గొడవ కాగానే మిగతా పర్యటన మానుకుని ఇంటికి పోయాడట. మాస్టారికి అది ప్రాణంతో సమానమైన కథ. నాకైతే పెళ్ళికి పిలిస్తే వచ్చి భోజనం దగ్గర అన్నదమ్ములకు తగువు పెట్టి చేయి కడుక్కుపోయిన మేనమామ కనిపించాడు. ఆ మాటే అన్నాను. ఆయన నన్ను చాలాసేపు ముక్కు మీదుగా చూశారు.

నన్ను ఆయన ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఏవయ్యా బేరం’ అనేవారు. అందులో తప్పులేదు. ముసలి మార్షల్ పాఠం రోజున ఆ పేరు నాకు ఖాయమైంది. మార్షల్ సంతకం పెడితే జర్మన్లు దేశంలో కొంత భాగాన్ని తీసుకోకుండా వాళ్ళకే వదిలేశారని ఆయన చెప్పగానే నాలో వ్యాపారి లేచాడు. ఇంచుమించు సగం మిగిలిందిగా మాస్టారూ, మొత్తం పోయే చోట సగం మిగుల్చుకున్నాడంటే మంచి బేరమేగా అన్నాను.

‘తర్వాత ఆ సగమూ పోయిందయ్యా బేరం’ అన్నారు ఆయన, ఉప్మాలో గరిట ఆపకుండా.

ఇక సరుకు సంగతి. మా కాలేజీ టైల్స్ అమ్మే దుకాణం పైన ఉండేది. దానికి ముందు ఒక పార్కింగ్ లాట్, దాని ముందు హైవే. ఆ ఏళ్ళలో మనవాళ్ళు విమానాలు నింపుకుని వస్తున్నారు కాబట్టి అలాంటి కాలేజీలు టీకొట్లలా లేచాయి. మా బ్యాచ్‌లో ఒక సబ్జెక్టులో దాదాపు అందరూ ఫెయిలయ్యారని ఒక పొద్దున పోర్టల్‌లో పడింది. పరీక్ష మళ్ళీ రాయాలంటే మొత్తం సబ్జెక్టు ఫీజు మళ్ళీ కట్టాలి, వచ్చే టర్మ్ దాకా ఆగాలి. ఆ లోపల చాలామందికి స్టడీ పర్మిట్ అయిపోతుంది. అది అయిపోతే ఆ తర్వాత వర్క్ పర్మిట్ లేదు, అది లేకపోతే ఇక్కడ ఉండటం లేదు.

పంజాబీ కుర్రాళ్ళు ఆ సాయంత్రమే పార్కింగ్ లాట్‌లో టెంట్ వేసేశారు. వాళ్ళకు ధర్నా అంటే మనకు పెళ్ళిపందిరి వేసినంత సులువు. జనరేటరు వాళ్ళది, డోలు వాళ్ళది, గురుద్వారా నుంచి పెద్ద పెద్ద గిన్నెల్లో పప్పూ రొట్టే వాళ్ళవి. మన తెలుగువాళ్ళం ఓ ముప్పై మందిమి వెళ్ళి ఒక మూల కూర్చుని వాళ్ళ పప్పు తిన్నాం. అన్నం ఉంటే బాగుండేదని కూడా అన్నాం.

మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి? దేశం ఓడిపోయింది, సైన్యం చలిలో ఉంది, రేడియో ఖాళీగా ఉంది. మర్నాడు పొద్దున్నే మా వంటింటి గోడకు అవతల గొంతు సవరించుకోవడం వినిపించింది. మా తెలుగు వాట్సప్ గ్రూపులో ఆయన మొదటి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. మీరు ఫెయిల్ కాలేదు అనేవారు. పాస్ చెయ్యమని అడగకండి, ఫెయిలైనవాడే పాస్ చెయ్యమని అడుగుతాడు, ఆ ఫలితం చెల్లదు కాబట్టి అది లేదు. ప్యారిస్ విముక్తి రోజున కొందరు వచ్చి రిపబ్లిక్‌ను మళ్ళీ ప్రకటించమంటే, అది ఎప్పుడు పోయిందని ప్రకటించాలి అన్నాడట ఆ జనరల్. అది ఈయనకు మంత్రమైపోయింది. టెంట్‌లో కుర్రాళ్ళు దాన్ని స్పీకర్లో పెట్టుకుని వినేవారు. కొందరికి కళ్ళు చెమర్చేవి కూడా.

నేను గోడకు ఇవతల ఉండి విన్నాను కాబట్టి నాకు చెమర్చలేదు. చలిలో గట్టిగా నిలబడండి అన్న మెసేజ్‌కి ముందు ఆయన హీటర్ రెండు పాయింట్లు పెంచుకున్నారు. వణుకుతున్న గొంతు పలకడానికి మూడుసార్లు రికార్డు చేసి చెరిపారు. టెంట్‌కి ఒక్కసారి రండి మాస్టారూ అని పిల్లలు అడిగితే, లండన్ నుంచి మాట్లాడేవాడు లండన్‌లోనే ఉండాలి అన్నారు. వాళ్ళు దాన్ని కూడా గొప్పగానే తీసుకున్నారు. ఒక మనిషిని ఇంత హాయిగా అసహ్యించుకునే అవకాశం నాకు మళ్ళీ రాలేదు.

నా సంగతికొస్తే, రెండు పగళ్ళు టెంట్‌లో కూర్చునేసరికి నాకు అర్థమైంది, ఇది చలి ముందు నిలబడే సరుకు కాదని. మా నాన్న మాట ఒకటుంది, పండగ వెళ్ళేదాకా ఆగితే పట్టుబట్ట కూడా చింకిగుడ్డే అని. కాలేజీ మేనేజరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఫీజులో తగ్గింపు అడిగాను. ఆమె లేదంది. నేను లేచి తలుపు దాకా నడిచాను. కొట్లలో పుట్టినవాడికి ఇది తల్లిపాలతో వచ్చే విద్య. గిరాకీ మెట్టు దిగాడంటే కొట్టువాడు వెనక్కి పిలవాల్సిందే. ఈ దేశంలో పిలవరు. నేను కారిడార్‌లో నిలబడి, నీళ్ళు తాగి, నోటీసు బోర్డు మొత్తం చదివి, మళ్ళీ నేనే లోపలికి వెళ్ళాను. రెండోసారి కూడా లేచాను. రెండోసారి కూడా పిలవలేదు. మూడోసారి తలుపు దాకా వెళ్ళేసరికి ఆమెకే విసుగొచ్చి, పదిమందిని తీసుకొస్తే సగానికి ఇస్తాను, పరీక్ష ఈ నెలలోనే పెడతాను, కానీ ఈ ఏర్పాటుతో మాకు తృప్తిగా ఉందని అందరూ సంతకం పెట్టాలి అంది. సంతకానిదేముంది, సిరాయే కదా అనుకున్నాను.

తొమ్మిదిమంది సులభంగానే దొరికారు. చలికి మించిన దళారీ లేడు.

శ్రావణి మా వంటింటికి వచ్చింది సంతకాలకు ముందు రోజు సాయంత్రం. నిజామాబాద్ అమ్మాయి, మా క్లాసే. నాలాగే గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేసేది. పర్మిట్ గడువు మా అందరికన్నా ముందు ఆమెదే ముగుస్తుంది. టెంట్ వేసినప్పటి నుంచీ పని లేని ప్రతి గంటా అక్కడే ఉంటోంది. ఆ రోజు లోపలికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. మాస్టారు స్టౌ దగ్గర ఉన్నారు.

‘పదిమందిల నన్ను లెక్కవెట్టకు అన్నా. నా తాన సగం గూడ లేదు’ అంది. ‘మీరు సంతకం పెట్టిన్రంటే మేం ఉన్నది ఎవనికీ కనబడది. సోమవారం దాంక ఆగు. పేపరోళ్ళు వస్తమన్నరు.’

పేపరువాళ్ళు వస్తామనడం, ఈ రేటు సోమవారం దాకా నిలవడం, రెండిట్లో ఏది నమ్మాలో నాకు తెలుసని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. నీకోసమే ఆగితే మిగతా తొమ్మిదిమంది సంగతేమిటన్నాను, వాళ్ళమీద నాకేదో పట్టింపు ఉన్నట్టు. ఆమె మాస్టారి వైపు చూసింది. పొద్దున్న మెసేజ్‌లో, ఒక్కడు కదిలినా గోడ కూలుతుంది అన్న మనిషి కదా ఆయన.

మాస్టారు ఉప్పు ప్యాకెట్టు తీసి, ఫ్రెంచ్ పక్కకు తిప్పి, సరిగ్గా మధ్యకు వచ్చేలా అరలో సర్దారు.

ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు ఉదయం గోడకవతల ఆయన ధైర్యం గురించి మాట్లాడుతుంటే వింటూ నేను షర్టు ఇస్త్రీ చేసుకున్నాను. సంతకానికి శుభ్రంగా వెళ్ళాలని.

ఆ మధ్యాహ్నమే మా కాగితాన్ని కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టింది, విద్యార్థులు ఏర్పాటుతో తృప్తిగా ఉన్నారంటూ. సాయంత్రానికి టెంట్‌లో తెలుగు మూల సగం ఖాళీ. అందరికీ అర్థమైపోయింది కాబోలు, రేపు తమకూ ఇదే రేటు దొరుకుతుందని. గ్రూపు నుంచి మా పదిమందినీ తీసేశారు. గోడౌన్‌కి కార్లో ఎక్కించుకునే సీనియరు, సీట్లు లేవు తమ్ముడూ అన్నాడు. వెనక సీటు నాకు కనిపిస్తూనే ఉంది.

పేపరువాళ్ళు సోమవారం రాలేదు. తర్వాత రెండు రోజులకు వచ్చారు. వాళ్ళ వెనక టీవీ, టీవీ వెనక ఎవరో కౌన్సిలరు. కాలేజీ ఆ వారాంతానికి ఫలితాన్నే రద్దు చేసి అందరినీ పాస్ చేసింది. ఫీజు లేదు, పరీక్ష లేదు. మా పదిమంది డబ్బు మాత్రం, మేము స్వచ్ఛందంగా తృప్తి చెందాం కాబట్టి, తిరిగి రాలేదు. మేనేజరమ్మ దగ్గరికి ఇంకోసారి వెళ్ళాను. ఈసారి తలుపు దాకా నడిచి చూపించింది ఆమె.

టెంట్ విప్పే రోజున మాస్టారు వచ్చారు. కూతురి కారును వీధి మొదట్లోనే ఆపించుకుని, అక్కడి నుంచి ఓవర్‌కోటులో, మంచు మీద, నడిరోడ్డున నడుచుకుంటూ వచ్చారు. ప్యారిస్‌లో ఆ జనరల్ పెద్ద వీధిలో జనం మధ్య అలాగే నడిచాడని నాకు ముందే పాఠం అయింది కాబట్టి చూడగానే పోల్చుకున్నాను. వెనక ఒక మంచు తీసే బండి హారన్ కొడుతూ వచ్చింది. ఆయన తప్పుకోలేదు. మేము పదిమందిమీ ఒక పక్కగా, ఎవరూ పిలవని చోట నిలబడి ఉన్నాం. అసలెందుకు వెళ్ళామో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన పాల డబ్బాలు పెట్టే ప్లాస్టిక్ పెట్టె మీద ఎక్కి మాట్లాడారు. తెలుగు విద్యార్థి తనను తానే విడిపించుకున్నాడు అన్నారు. పంజాబీ మిత్రులు కూడా కొంత సహకరించారు అన్నారు. ఆ మిత్రులు అప్పటికి టెంట్ మేకులు పీకుతున్నారు. వాళ్ళకు తెలుగు రాకపోవడం ఆ రోజు మా అదృష్టం. ప్యారిస్ తనంత తానే విముక్తి పొందిందని ఆ జనరల్ అన్నప్పుడు కూడా పక్కన పరాయి దేశాల ట్యాంకులు ఉండే ఉంటాయి.

తర్వాత చెయ్యి చాచి నన్ను పిలిచారు. వెళ్ళాను. నా భుజం మీద చెయ్యి వేశారు.

‘ఈ పదిమందిని మీరు దూరం పెట్టారు’ అన్నారు. ‘వీళ్ళను లోపలికి పంపింది మాస్టారు. శత్రువు గదిలో ఏం జరుగుతోందో తెలియాలా వద్దా? మీరు అడిగితే వీళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే ఆ పని చేసేవాడి లక్షణం.’

చప్పట్లు మొదలయ్యాయి. నా రూమ్మేట్ అయితే ఏడుస్తూ వచ్చి కౌగిలించుకుని, ముందే చెప్పొచ్చుగా మామా అన్నాడు. లోపలి నుంచి మేము తెచ్చిన సమాచారం ఏమిటని ఎవరూ అడగలేదు. ఇంతవరకూ అడగలేదు. ఆ అబద్ధం కుట్టు చూడండి. మా వీధిలో ఏ దర్జీ కూడా అంత పకడ్బందీగా కుట్టలేడు. ఔనంటే ఔను. కాదంటే ఇంకా గట్టిగా ఔను.

ఆయన మామీద జాలిపడ్డారని అనుకునేరు. ఆయనకు మేమంటే గిట్టదు. ద్రోహులున్న సైన్యానికి జనరల్‌గా ఉండటం ఆయనకు చిన్నతనం, అంతే. ముప్పై మంది సైన్యంలో పదిమంది పారిపోయారంటే కథ పొట్టిదైపోతుంది. ఆయన కోటుకి మేము అతుకులం.

అతుకుగా నేను బాగానే బతికాను. గోడౌన్ కారులో సీటు మళ్ళీ వచ్చింది. కొత్తగా దిగిన పిల్లలు, నువ్వే కదన్నా ఆ లోపలి మనిషివి అంటూ టీ ఇప్పించేవారు. నేను మొదట్లో కాదనేవాణ్ణి. కాదన్నకొద్దీ టీతోపాటు సమోసా కూడా వచ్చేది. నా మొదటి ఆఫీసు ఉద్యోగం కూడా, ఆ కథ విన్న ఒక తెలుగు అంకుల్, ఈ కుర్రాడికి గుండె ఉంది అని రికమెండ్ చేస్తే వచ్చిందే. మాస్టారిని మాత్రం తర్వాత కలవడం మానేశాను. ఎదురుపడితే ‘ఏవయ్యా బేరం’ అనేవారు, ఏమీ జరగనట్టు. నిజంగానే ఏమీ జరగలేదని ఆయన అప్పటికి నమ్మేసి ఉంటారు.

మొన్న ఆదివారం ఫ్యూనరల్ హోమ్ హాల్లో సంతాప సభ. హాలు నిండింది. ఆ టెంట్‌లో అంతమంది పట్టరు. ఆ రోజుల్లో వేరే ఊళ్ళో, వాటర్లూలో చదువుకున్న ఇద్దరు లేచి టెంట్‌లో తమ అనుభవాలు చెప్పారు. ఒకతను దేశం ఆ కొసన ఉన్న బర్నబీ నుంచి వీడియో కాల్‌లో వచ్చి ఆ చలి ఇప్పటికీ ఎముకల్లో ఉందన్నాడు. ఆ చలికాలంలో టెంట్‌కీ అతనికీ మధ్య ఒక ఖండం ఉంది. అందరూ మాస్టారి మొదటి మెసేజ్ విన్నవాళ్ళే.

నా పేరు పిలిచారు. మైకు దాకా వెళ్ళాక వెనక వరసలో శ్రావణి కనిపించింది. నల్ల జాకెట్టు వేసుకుని, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని ఉంది. ఇన్నేళ్ళలో ఎక్కడో ఒకచోట చూస్తూనే ఉన్నాను, మాట్లాడింది లేదు. నేను రాసుకెళ్ళింది జేబులోనే ఉంచి, జరిగింది చెప్పాను. నన్ను ఎవరూ పంపలేదని, సగం ధరకు కక్కుర్తిపడి నేనే వెళ్ళానని, పదిమందినీ పోగుచేసింది నేనేనని, మాస్టారు అన్నది అబద్ధమని. మూడుసార్లు లేచి తలుపు దాకా నడిచిన సంగతి కూడా చెప్పాను.

నవ్వారు. అభిమానంగా నవ్వారు. తర్వాత చప్పట్లు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో, ఒప్పుకోడని మాస్టారు ముందే చెప్పారండీ అంటున్నాడు. సభ నడిపే కుర్రాడు మైకు అందుకుని, ఈ నిగర్వాన్నే మాస్టారు మనకు నేర్పారు అన్నాడు. మూత తెరిచి ఉంచిన శవపేటికలోంచి ముక్కు నావైపే చూస్తున్నట్టు అనిపించింది.

చప్పట్లు కొట్టనిది ఆమె ఒక్కతే. సభ అయ్యాక పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతూ ఉంటే దగ్గరికి వెళ్ళాను.

‘నిజమే చెప్పినవ్ అన్నా’ అంది, గీకడం ఆపకుండా. ‘ఎవరూ ఇనలే.’

నీకైనా తెలుసు కదా అన్నాను. తెలుసంది. టెంట్ విప్పే ముందు రోజు మాస్టారు ఆమె ఉండే గదికి వచ్చారని అప్పుడు చెప్పింది. రేపు ఆ పదిమందినీ మాస్టారు కలిపేసుకుంటున్నారు, వంటింట్లో జరిగింది నువ్వు ఎవరికీ చెప్పకూడదు అన్నారట. పదిమందిని దొంగల్ని చేస్తే ఈ పరాయి ఊళ్ళో రేపు వాళ్ళ కార్లలోనే పనికి వెళ్ళాల్సింది నువ్వే అన్నారట. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

‘మీరు పోయినంక టెంట్ల మనోళ్ళ రాత్రి వంతులకు ఎవరూ మిగల్లే. అన్ని నేనే కూసున్న. నిద్ర లేదు. ఏమడిగినా సరే అంటుంటి’ అంది. ‘తర్వాత ఒక్కసారి చెప్పబోయిన. ప్యాకింగ్ పని పోయినంక దొరికిన పని కాడ ఒక కొత్త పిల్లకు. ఆ అన్న లోపలి మనిషి గదా, నీకు తెల్వదులే అన్నది. నువ్వసలు ఆ టెంట్ల ఉన్నవా అని అడిగింది.’

అద్దం శుభ్రమైంది. జాగ్రత్త అన్నా, రోడ్లు జారుతున్నయ్ అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. కారెక్కేటప్పుడు ఎడమ పాదం ఎక్కడ ఆనిందో వంగి చూసుకుని పెట్టడం చూశాను. ఆ రాత్రుల్లో ఆ కాలి వేళ్ళకు చలి పట్టింది, ఇప్పటికీ వాటిలో స్పర్శ లేదు అన్న మాట ఆమె చెప్పలేదు. ఆమెతో గది పంచుకున్న అమ్మాయిని అడిగి ఆ సాయంత్రం తెలుసుకున్నాను.

ఇక బిల్లు. మా నాన్న కొట్లో బిల్లు వేసేటప్పుడు మాట్లాడకూడదు, కాబట్టి టూకీగా వేస్తాను. నేను కట్టింది సగం ఫీజు, కొద్ది రోజుల వెలి, కొంత సిగ్గు. సిగ్గు అరిగిపోయింది. నాకు వచ్చింది కారులో సీటు, లెక్కలేనన్ని టీలు, ఒక ఉద్యోగం, ఎక్కడికెళ్ళినా ముందు వరస కుర్చీ. ఆమె కట్టింది ఆ రాత్రులన్నీ, వాటివల్ల పోయిన ప్యాకింగ్ పని, ఎడమ కాలి వేళ్ళు, ఎవరికీ చెప్పనని ఇచ్చిన ఒక మాట. ఆమెకు వచ్చింది పర్మిట్, అది అందరికీ వచ్చింది. మాస్టారి లెక్కలో పదిమంది వీరులు పెరిగారు, ఒక మనిషి తగ్గింది. ఆయన కథలో నాకంటూ కొత్తగా చోటేమీ పుట్టలేదు. ఆమెను లేపి అక్కడ నన్ను కూర్చోబెట్టారు. దానికి నేను కట్టింది ఏమీ లేదు.